28 రోజులు చిన్న అబద్ధాల లెక్క రాశాను: నా అనుభవం

ఫిబ్రవరి 1 నుంచి 28 దాకా నేను చెప్పిన ప్రతి చిన్న అబద్ధాన్నీ రాసిపెట్టుకున్నాను. రెండో వారం నుంచి, ఎదుటి మనిషి చూడ్డానికి ఎలా ఉంటారన్నది కూడా ఆ లెక్కలో చేర్చాను. ఈ పని చేద్దామనుకునేవాళ్లకు ఎక్కడెక్కడ తేడా కొడుతుందో, ఏ వారం కష్టంగా ఉంటుందో, ఎంత టైము పడుతుందో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు అబద్ధం అంటే ఏమిటో తేల్చుకోవాలి. అది తేల్చుకోకపోతే మూడో రోజుకే మనతో మనకు వాదన మొదలవుతుంది: ‘ఇది అబద్ధమా, మర్యాదా?’ అని. నేను అమెరికా మనస్తత్వవేత్త బెల్లా డిపాలో బృందం 1996లో ప్రచురించిన డైరీ పరిశోధనలో వాడిన నిర్వచనమే తీసుకున్నాను. ఎదుటివాళ్లను కావాలని తప్పుదోవ పట్టించాలని చూసిన ప్రతిసారీ అది అబద్ధమే. అనుమానంగా ఉంటే రాసేయాలి. ఒక్కటే మినహాయింపు: ఎవరైనా మాటవరసకు ‘ఎలా ఉన్నారు?’ అని అడిగితే ‘బాగున్నాను’ అనడం. ఆ పరిశోధనలో 77 మంది కాలేజీ విద్యార్థులు, 70 మంది బయటి జనం వారం రోజులు ఇలాగే రాశారు. విద్యార్థుల సగటు రోజుకు 2, మిగతావాళ్లది 1. నాది ఒకటీ అరా ఉంటుందిలే అనుకున్నాను.

మొదటి రోజు రాత్రి పదిన్నరకు పుస్తకం తీసి కూర్చుంటే ఒక్కటే గుర్తొచ్చింది. రెండో రోజూ అంతే. సంతోషమే వేసింది కానీ, మూడో రోజు మధ్యాహ్నం ఫోన్లో మాట్లాడి పెట్టేసిన వెంటనే ‘ఇప్పుడే నీకు చేద్దామనుకుంటున్నాను’ అన్న నా మాట చెవిలో పడింది. చేద్దామని అనుకోనే లేదు. ఆ మాట రాత్రి దాకా ఆగితే నాకు గుర్తుండేదే కాదు. చిన్న అబద్ధాలకు ఆ గుణం ఉంది. చెప్పేటప్పుడు గుండె దడ ఉండదు, తడబాటు ఉండదు, అందుకే మనసులో గుర్తు మిగలదు. రాత్రి కూర్చుని రాయడం అందుకే పనికిరాదు. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. మాట అయిపోయిన పది నిమిషాల్లోపు ఫోన్లో ఒక ముక్క, రాత్రికి దాన్ని పుస్తకంలో పూర్తిగా. మూడో రోజు 6 వచ్చాయి. వారం మొత్తం మీద 31.

పుస్తకంలో ఒక్కోదానికి ఇవి రాసేదాన్ని: టైము, ఎవరితో, ఎదురుగానా ఫోన్లోనా మెసేజ్‌లోనా, అన్న మాట యథాతథంగా, నిజం ఏమిటి, ఎవరి మేలు కోసం (నా కోసమా, వాళ్ల కోసమా), దాన్ని నిలబెట్టడానికి తర్వాత ఇంకేం చెప్పాల్సి వచ్చింది. ఈ చివరి గడి మొదట్లో పెట్టుకోలేదు, నాలుగో రోజు చేర్చాను. మీరు మొదటి రోజు నుంచే పెట్టుకోండి. పేర్లు రాయకండి. నేను మనిషికో అక్షరం పెట్టుకున్నాను, ఆ జాబితా వేరేచోట దాచాను. అయినా ఐదో రోజు పుస్తకం బల్ల మీద మర్చిపోతే ఇంట్లోవాళ్లు తెరిచి, ‘గ ఎవరు?’ అని అడిగారు. అప్పుడు చెప్పిన జవాబు కూడా రాసుకోవాల్సి వచ్చింది. ఫోన్లో తాళం వేసిన నోట్సు అయితే ఈ ఇబ్బంది ఉండదు.

ఆ 31 విడదీస్తే టైముకు సంబంధించినవి 9: ‘బయల్దేరాను’, ‘ఐదు నిమిషాల్లో ఉంటాను’. సాకులు 8: ‘ఫోన్ సైలెంట్‌లో ఉంది’, ‘మెసేజ్ ఇప్పుడే చూశాను’. పొగడ్తలు 6, అందులో నాలుగు మనిషి రూపం గురించినవే, ‘చిక్కావు’, ‘ఈ రంగు నీకు బాగుంది’ లాంటివి. చదవకుండా చదివానని అన్నవి 5. ‘ఏం లేదు, బాగానే ఉన్నాను’ అని మాట దాటేసినవి 3. వీటికి మాత్రం మినహాయింపు వర్తించదు, ఎందుకంటే అడిగినవాళ్లు మాటవరసకు అడగలేదు.

టైము అబద్ధాలు లెక్కకు ఎక్కువైనా పెద్దగా నిలబెట్టాల్సిన పని ఉండదు. మనిషి చేరాక అది అక్కడితో పోతుంది. కష్టమంతా ‘చదివాను’ అన్న ఐదింటితోనే. ఒక్కోదానికి తర్వాత రెండు మూడు అబద్ధాలు కలపాల్సి వచ్చింది. ‘నీకు ఏ భాగం నచ్చింది?’ అంటే ఒకటి, ‘చివర్లో అలా చేయడం సరేనా?’ అంటే ఇంకొకటి. ఈ ఐదూ ఒకే మనిషికి చెప్పినవి. ఆ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అది తేలడానికి మార్చి దాకా పట్టింది.

వారం చివర్లో పేజీలు తిరగేస్తుంటే ఒక మాట పదే పదే నా రాతలో కనిపించింది: మొహమాటం. కారణం రాయాల్సిన ప్రతిచోటా అదే రాశాను. మొహం చూసి మాట మార్చుకోవడమే కదా మొహమాటం. మరి ఏ మొహం చూసి? అందరి మొహం చూసీ ఒకేలా మారుస్తున్నానా? రెండో వారం దానికోసమే.

ఫిబ్రవరి 8, ఆదివారం. నేను తరచూ మాట్లాడే 26 మంది జాబితా వేసి, చూడ్డానికి ఎలా ఉంటారన్నదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేశాను. నలభై నిమిషాలు పట్టింది. చేస్తున్నంతసేపూ తప్పు చేస్తున్నట్టే ఉంది. మనకు కావలసిన మనుషుల మొహాలకు అంకెలు వేయడం ఎవరికీ బాగుండదు. ఆ కాగితం నెలాఖరున చింపేశాను, మీరూ చింపేయండి.

వేశాక చూస్తే ఆ మార్కులు నమ్మదగ్గవి కావని అర్థమైంది. నాకు ఇష్టమైనవాళ్లందరికీ 4, 5 పడ్డాయి. అదృష్టం కొద్దీ ఆ రోజు మా పిన్ని కూతురు ఇంటికొచ్చింది. ఆ 26 మందిలో ఎవరినీ ఎరగదు. నా ఫోన్లోనే ఒక్కో ఫొటో ఒక్క సెకను చూపించి మార్కు అడిగాను, ఎవరో ఏమిటో చెప్పలేదు. సెకను తక్కువేమీ కాదు. జానిన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో సెకనులో పదో వంతు మాత్రమే చూసినవాళ్లు కూడా ఆ మొహం మీద అభిప్రాయం ఏర్పరచుకున్నారు. ఎక్కువసేపు చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు, తమ అభిప్రాయం మీద ధీమా మాత్రం పెరిగింది.

తన మార్కులకూ నా మార్కులకూ ఏడుగురి దగ్గర రెండేసి అంకెల తేడా వచ్చింది. ఆరుగురికి నేను ఎక్కువ వేశాను, ఆ ఆరుగురూ నాకు బాగా దగ్గరివాళ్లు. ఒకరికి తక్కువ వేశాను, జనవరిలో ఆయనతో మాటా మాటా అయింది. ఇష్టం ఉంటే మొహం బాగా కనిపిస్తుందని అంటారు కానీ, అంకెల్లో చూస్తే మనసు చివుక్కుమంది. ఈ ప్రయత్నం చేసేవాళ్లు సొంత మార్కులు అస్సలు వాడొద్దు. నేను తన మార్కులే వాడాను: 4, 5 వచ్చినవాళ్లు 8 మంది, 3 వచ్చినవాళ్లు 10 మంది, 1, 2 వచ్చినవాళ్లు 8 మంది.

ఇక్కడే ఇంకో పొరపాటు చేశాను. రెండు రోజులు అబద్ధాలు మాత్రమే లెక్కపెట్టాను, మాటలు లెక్కపెట్టలేదు. ఒకరితో రోజుకు నాలుగుసార్లు మాట్లాడి, ఇంకొకరితో వారానికి ఒకసారి మాట్లాడితే ఆ రెండింటినీ పోల్చలేం. ఫిబ్రవరి 10 నుంచి పది నిమిషాలు దాటిన ప్రతి మాటకూ ఒక గీత పెట్టాను. మిగిలిన ఐదు రోజుల్లో, 4, 5 వచ్చిన పై 8 మందితో 20 సార్లు మాట్లాడి 9 అబద్ధాలు చెప్పాను. కింది 8 మందితో 18 సార్లు మాట్లాడి 3 చెప్పాను.

లెక్క చిన్నది, దీన్నిబట్టి లోకం మొత్తం ఇంతేనని నేను అనను. కానీ ఆ 9 అబద్ధాల రకం చూస్తే నాకు నా సంగతి తెలిసింది. ఏడు వంత పాడినవే. ‘అవును, నాకూ అలాగే అనిపించింది.’ ‘ఆ సినిమా నాకూ నచ్చలేదు.’ నాకు నచ్చింది. వాళ్లేమీ నన్ను ఒప్పుకోమని అడగలేదు, వాళ్ల కళ్లలో కాస్త మెరుగ్గా కనబడాలని నేనే మారిపోయాను. కింది వరసవాళ్లకు చెప్పిన మూడూ తప్పించుకోవడానికి చెప్పినవి. ఒకవైపు దగ్గరవడానికి, ఇంకోవైపు దూరం జరగడానికి. రోవాట్, కనింగ్‌హామ్, డ్రూయెన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, అందమైన మనిషితో పరిచయం పెంచుకోవడానికి జనం తమ గురించి అబద్ధం చెప్పడానికి ఎక్కువ సిద్ధపడ్డారని తేలింది. అది ప్రేమ వ్యవహారాల సంగతి. నాది ఆఫీసులో, ఇరుగుపొరుగులో మాట్లాడే మామూలు మాటలు. అక్కడా అదే పని చేస్తున్నాను.

మూడో వారం, ఫిబ్రవరి 15 నుంచి 21. నా అబద్ధాలు కాదు, ఎదుటివాళ్ల మాటలు రాయాలి. ఎవరైనా సాకో కారణమో చెప్పినప్పుడు నేను వెంటనే నమ్మానా, రెండో ప్రశ్న వేశానా, రుజువు అడిగానా. నాలుగు వారాల్లో నాకు అన్నిటికంటే కష్టమైనది ఇదే.

17వ తేదీ ఉదయం మీటింగు పదింటికి. పదీ పన్నెండుకు ఒకాయన వచ్చాడు, పై 8 మందిలో మనిషి. తలుపు దగ్గరే నవ్వి, ‘సారీ అండి, లిఫ్టు ఆగిపోయింది’ అన్నాడు. నేను, ‘అయ్యో, పర్లేదండి, ఇప్పుడే మొదలుపెట్టాం’ అన్నాను. మొదలుపెట్టి పన్నెండు నిమిషాలైంది. ఇంకో రెండు నిమిషాలకు ఒకావిడ వచ్చింది, కింది 8 మందిలో మనిషి. ‘సారీ అండి, లిఫ్టు పనిచేయట్లేదు’ అంది. నా నోట్లోంచి ‘ఏ లిఫ్టు?’ అని వచ్చింది.

ఆవిడ ఏమీ అనుకున్నట్టు కనిపించలేదు. సంచి కింద పెట్టకుండానే ఫోన్ తీసి, లిఫ్టు తలుపు మీద అంటించిన కాగితం ఫొటో చూపించింది. మరమ్మతు జరుగుతోందని రాసి ఉంది. అంటే మెట్లెక్కే ముందు ఒక నిమిషం ఆగి ఆ ఫొటో తీసుకుంది. తనను అడుగుతారని ఆవిడకు ముందే తెలుసు. ఆయన తీయలేదు, ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

మీటింగులో మిగతా సమయమంతా నాకు ఏమీ ఎక్కలేదు. మధ్యాహ్నం వెళ్లి, ‘పొద్దున అలా అడగాల్సింది కాదండి’ అన్నాను. ‘పర్లేదండి, అలవాటే’ అంది. ఆ రెండో మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ వారం మొత్తం 34 కారణాలు విన్నాను. పై వరసవాళ్లు చెప్పినవి 12, రెండో ప్రశ్న వేసింది ఒక్కదానికి. మధ్య వరస 11, నాలుగింటికి. కింది వరస 11, ఏడింటికి. నేను మొహాన్ని బట్టి అడుగుతున్నానని ఎవరైనా అని ఉంటే గట్టిగా కాదనేదాన్ని. మనిషి నడవడిని బట్టి అడుగుతున్నాననే అనుకునేదాన్ని. 1920లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులు చూసి గమనించింది ఇదే: శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, గుణం వేటికవి విడిగా వేయమన్నా, ఒకదానిలో మంచి మార్కు పడ్డవాళ్లకు మిగతావాటిలోనూ మంచి మార్కులే పడ్డాయి. వేసినవాళ్లు అన్యాయం చేస్తున్నామని అనుకోలేదు.

పోనీ మొహం చూసి అబద్ధం పట్టుకునే నేర్పు మనకుందా అంటే అదీ లేదు. బాండ్, డిపాలో 2006లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, నిజమో అబద్ధమో జనం సరిగ్గా చెప్పగలిగింది 54 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. కాబట్టి ‘ఈవిడ ఏదో దాస్తోంది’ అని నాకు ఎప్పుడూ అనిపించేదానికి ఆధారం ఏమీ లేదు. ఆవిడ బిగుసుకుని మాట్లాడుతుంది, అది నిజం. ప్రతిసారీ రెండో ప్రశ్న వేస్తే ఎవరైనా బిగుసుకుంటారు. మార్క్ స్నైడర్ బృందం 1977లో దీన్ని ఫోన్లో చూపించింది. మగవాళ్లకు ఒక ఫొటో ఇచ్చి, ఈ అమ్మాయితో ఫోన్లో మాట్లాడమన్నారు. ఫొటో ఆ అమ్మాయిది కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. అందమైన ఫొటో చూసినవాళ్లు ఆప్యాయంగా మాట్లాడారు. అవతలి అమ్మాయి మాటలు మాత్రమే విన్న బయటివాళ్లకు కూడా ఆ అమ్మాయిలు కలుపుగోలుగా, స్నేహంగా అనిపించారు. మనం ఎలా పలకరిస్తే వాళ్లు అలా తయారవుతున్నారు, తర్వాత అదే వాళ్ల స్వభావం అని మనం రాసుకుంటున్నాం.

ఆ వారం నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. రెండో ప్రశ్న వేస్తే అందరికీ వేయాలి, లేకపోతే ఎవరికీ వద్దు. ‘ఎవరికీ వద్దు’ అన్నదే సులువుగా ఉంది. మొదటి నాలుగు రోజులు ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగేది.

నాలుగో వారం దిద్దుకోవడం. చెప్పిన అబద్ధాన్ని అదే రోజు, అదే మనిషికి, ఒక్క వాక్యంలో సరిచేయాలి. ఒక్క వాక్యం అని ఎందుకంటున్నానంటే, మొదటి రెండుసార్లు కారణం కూడా చెప్పబోయి ఇంకో అబద్ధంలో పడ్డాను. ‘ఇందాక బయల్దేరానన్నాను, ఇంకా ఇంట్లోనే ఉన్నాను, ఇరవై నిమిషాలు పడుతుంది.’ అక్కడితో ఆపేయాలి. మొత్తం 14 దిద్దాను. తొమ్మిదింటికి నిమిషాల్లో ‘సరే’ అని వచ్చింది, అంతే. నేను గంటసేపు భయపడ్డ విషయం వాళ్లకు పట్టనే లేదు. ముగ్గురు ‘అలా ఎందుకు చెప్పావు?’ అని అడిగారు. ‘మొహమాటం’ అన్నాను, అర్థం చేసుకున్నారు. ఒకరికి కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు.

24న ప్రొఫైల్ ఫొటో మార్చాను. పాతది ఆరేళ్ల కిందటిది, పైగా వెలుతురు దిద్దినది. అది కూడా రూపం గురించి నేను రోజూ చెబుతున్న చిన్న అబద్ధమే అనిపించింది. 2008లో కాటలీనా టోమా, జెఫ్రీ హాన్‌కాక్, నికోల్ ఎల్లిసన్ ఆన్‌లైన్‌లో జోడీ వెతుక్కునే 80 మందిని పిలిచి ఎత్తు, బరువు కొలిచి, వయసు సరిచూసి, ప్రొఫైల్లో రాసినదానితో పోలిస్తే 81 శాతం మంది కనీసం ఒకదాంట్లో తేడాగా రాశారు. కానీ ఆ తేడాలు చాలావరకు చిన్నవే, రేపు ఎదురుపడాల్సి ఉంటుంది కదా. కొత్త ఫొటో పెట్టిన గంటలో ఇద్దరు ‘ఒంట్లో బాగాలేదా?’ అని అడిగారు. బాధేసింది. మూడు రోజులు పాతది మళ్లీ పెట్టేద్దామా అని చేయి లాగింది. నాలుగో రోజు నుంచి ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

దిద్దినవాటిలో పద్నాలుగోది మా స్నేహితురాలి సంగతి. తను కథలు రాసి నాకు పంపుతుంది. రెండేళ్లలో 14 పంపింది. ప్రతిదానికీ ‘చదివాను, చాలా బాగుంది’ అన్నాను. ఫిబ్రవరి మొదటి వారంలో చెప్పిన ఐదూ తనకే. మా పిన్ని కూతురు తనకు 3 వేసింది, నేను 5 వేశాను. అంత ఇష్టమైన మనిషికి అబద్ధం చెప్పడమేమిటని మీరు అనుకోవచ్చు. దగ్గరివాళ్లకు మనం అబద్ధాలు తక్కువే చెప్తాం, కానీ ఆ చెప్పేవాటిలో వాళ్ల మనసు నొప్పించకూడదని చెప్పేవే ఎక్కువ అని డిపాలో, కాషీ 1998లో రాశారు. నా పుస్తకంలోనూ తన అక్షరం పక్కన ‘వాళ్ల కోసం’ అనే ఉంది. ఇప్పుడు చూస్తే అది కూడా నిజం కాదు. చదవడానికి గంట పెట్టలేక చెప్పినవి, నా కోసమే చెప్పాను.

26న రాత్రి పదింటికి మెసేజ్ పెట్టాను: ‘నువ్వు పంపిన కథల్లో చాలావరకు నేను చదవలేదు. చదివానని చెప్పాను.’ ఇలాంటిది మెసేజ్‌లో చెప్పకూడదు. ఫోన్ చేయాలి, లేదా వెళ్లి కూర్చుని చెప్పాలి. పదీ పన్నెండుకు చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. తర్వాత నాలుగు రోజులు నేను పడ్డది ఇక్కడ రాయలేను. నిద్ర సరిగ్గా లేదు. సంజాయిషీ రాయడం, చెరిపేయడం, మళ్లీ రాయడం. ఒక్కటీ పంపలేదు, అదొక్కటే సరిగ్గా చేశాను.

మార్చి 2 సాయంత్రం తనే ఫోన్ చేసింది.

‘ఎన్ని?’

‘పదకొండు.’

‘మిగతా మూడూ?’

‘రెండు సగం దాకా. ఒకటి పూర్తిగా.’

‘ఏది?’

చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఆ ఒక్కదానికి నువ్వు అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది. మిగతావాటికి ఏమీ అడగలేదు. నాకు అనుమానం ఉండేది’ అని పెట్టేసింది.

ఈ మొత్తానికి నాకు అయిన ఖర్చు: ఒక పుస్తకం, రోజుకు పాతిక నిమిషాలు, మూడో వారంలో ఇంకాస్త ఎక్కువ. ఒకరితో రెండు రోజులు మాట లేదు, ఇంకొకరితో నాలుగు రోజులు. మళ్లీ చేస్తే మొదటి వారం లెక్క వరకే రాసి, వెంటనే మూడో వారానికి వెళ్తాను. మార్కుల కాగితం వల్ల కలిగిన ఇబ్బందికి తగ్గ ఫలితం రెండో వారంలో రాలేదు, మూడో వారంలోనే వచ్చింది.

మార్చి 6న మా స్నేహితురాలు కొత్త కథ పంపింది. కింద ఒక్క లైను: ‘బాగుందో లేదో వద్దు. ఎక్కడ చదవడం ఆపేశావో అక్కడ గీత పెట్టి పంపు.’ నాలుగో పేజీ రెండో పేరా దగ్గర నా చూపు పక్కకు పోయింది. అక్కడ గీత పెట్టి పంపాను. పాత పదకొండూ ఒక్కొక్కటిగా చదువుతూ అలాగే గీతలు పెడుతున్నాను. ఇవాళ్టికి ఐదు అయ్యాయి.